అబ్ద్ లేని జబ్బార్

ఈ నెల ఒక సోదరి రాసిన ఉత్తరం మమ్మల్ని ఆలోచింపజేసింది. ఆమె పన్నెండేళ్ళ కుమారుని పేరు అబ్దుల్ జబ్బార్. ఇంట్లోనూ బడిలోనూ అందరూ అతణ్ణి 'జబ్బార్' అనే పిలుస్తారట. ఒక స్నేహితుని వద్ద 'ది 99' అనే బొమ్మల కథల పుస్తకం చూసి, అందులో తన పేరుగల వీరుడున్నాడని ఆ బాలుడు మురిసిపోయాడు. "అల్లాహ్ శుభనామాలతో ఆటలా?" అంటూ తండ్రి ఆ పుస్తకాన్ని వెంటనే తిరిగి ఇప్పించివేశారు. నాటినుంచి తండ్రీ కొడుకుల మధ్య మాటలు తగ్గాయి. "చదవనివ్వమంటారా, వద్దంటారా?" అన్నది ఆ తల్లి ప్రశ్న.

ముందుగా ఆ పుస్తకమేమిటో చూద్దాం. కువైట్‌కు చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త నాయిఫ్ అల్ ముతవ్వ 2006లో ఈ కథల పరంపరను ఆరంభించారు. కథకు మూలం చరిత్రలోని ఒక విషాదం. 1258లో హులాగూ సేనలు బాగ్దాద్‌ను ధ్వంసం చేసినప్పుడు, అక్కడి గ్రంథాలయంలోని విజ్ఞానాన్ని 99 'నూర్' రాళ్ళలో నిక్షిప్తం చేసి కాపాడారన్నది రచయిత కల్పన. ప్రపంచమంతటా చెదిరిపోయిన ఆ రాళ్ళు మన కాలపు యువతీ యువకులకు దొరుకుతాయి. ఒక్కో రాయి వల్ల ఒక్కొక్కరికి ఒక్కో శక్తి అబ్బుతుంది. సౌదీ యువకుడు జబ్బార్‌కు అపార బలం లభిస్తుంది. ఎమిరేట్స్ యువతి నూరా ఎదుటివారిలోని మంచిచెడులను వెలుగుగా, చీకటిగా చూడగలుగుతుంది. చక్రాల కుర్చీకి పరిమితమైన అమెరికన్ యువకుడు దార్ర్ ఎదుటివారిలో నొప్పిని కలిగించనూగలడు, తొలగించనూగలడు.

ఇందులో మెచ్చుకోదగినవి ఉన్నాయి. వీరులు సాధారణంగా ముగ్గురేసి జట్టుగా పనిచేస్తారు. పరాయి స్త్రీపురుషులు ఏకాంతంగా ఉండరాదన్న ఇస్లామీయ మర్యాద ఇందుకు ఒక కారణమని రచయితే వివరించారు. ఒక్కడే లోకాన్ని ఉద్ధరించే కథలు చదివి పెరిగే పిల్లలకు, పరస్పర సహకారం లేనిదే ఏ శక్తీ అక్కరకు రాదని చెప్పడం మేలైన విషయం. ముస్లిం పేరు వినగానే దుర్మార్గుణ్ణి ఊహించుకునే కథల నడుమ, ఆ పేరుగల మంచివాణ్ణి చూడటం మన పిల్లలకు ఊరట కూడా.

అయితే తండ్రి ఆందోళన అర్థరహితం కాదు. 2014లో సౌదీ అరేబియా ప్రధాన ముఫ్తీ సైతం ఈ రచనను తప్పుపట్టారు. ఔదార్యం, వివేకం, బలం వంటివి మానవులందరూ గౌరవించే సుగుణాలేననీ, మనిషికి తగిన పరిమితిలోనే తాను వాటిని చూపాననీ రచయిత వాదన. ఈ వాదనలో కొంత నిజముంది. దివ్య ఖుర్ఆన్ సూరె తౌబా 128వ ఆయతులో దైవప్రవక్త (సఅసం)ను రవూఫ్, రహీమ్ అన్న విశేషణాలతో ప్రస్తావించింది. సూరె దహ్ర్ 2వ ఆయతులో మనిషిని వినేవానిగా, చూసేవానిగా పేర్కొన్నది. కాని, దయ వేరు, మరణాన్ని ప్రసాదించే అధికారం వేరు. 'ముమీత' అన్న పేరును ఒక పోరాట యువతికి పెట్టిన చోట విశ్వాసి మనసు ఆగిపోతుంది. అక్కడ రచయిత హద్దును గమనించలేదనే మా అభిప్రాయం.

మరో లోపం కూడా ఉంది. దీనిని గురించి ఎవరూ అంతగా మాట్లాడటం లేదు. బాగ్దాద్‌లో విజ్ఞానం రాళ్ళలోంచి ఊడిపడలేదు. ఖలీఫా మామూన్ కాలంలో అల్ ఖ్వారిజ్మీ గణితంపై శ్రమించారు. ఆ తరువాతి కాలంలో క్రైస్తవుడైన హునైన్ బిన్ ఇస్‌హాఖ్ గ్రీకు వైద్య గ్రంథాలను అనువదిస్తూ జీవితాన్ని ధారపోశారు. రాయి దొరికితే చాలు, గొప్పవాణ్ణి కావచ్చునన్న ఆశ చదువుకునే పిల్లవానికి మంచిది కాదు. సుగుణం సాధనతోనే అలవడుతుంది.

ఇక మా సమాధానం: చదవనివ్వండి, కాని ఒంటరిగా కాదు. ఆ పుస్తకాన్ని మళ్ళీ తెప్పించి, తండ్రే కుమారుని పక్కన కూర్చుని చదవాలి. ఒక్కో వీరుని వద్ద ఆగి, "ఈ గుణం అల్లాహ్‌లో ఎంత? మనిషిలో ఎంత?" అని అడగాలి. బాగ్దాద్ ప్రస్తావన వచ్చినప్పుడు, అక్కడి అసలు పండితుల కథ చెప్పాలి. ఏ పేరు దగ్గర తన మనసు నొచ్చుకుందో దాచకుండా చెప్పాలి. నిషేధించిన పుస్తకం దుప్పటి కింద చేరుతుంది. తండ్రితో కలిసి చదివిన పుస్తకం జ్ఞాపకంలో నిలుస్తుంది.

ఆ సోదరికి మరొక్క మనవి. అల్ జబ్బార్ అల్లాహ్ నామం. మీ బిడ్డ అబ్దుల్ జబ్బార్, అంటే ఆ సర్వశక్తిమంతుని దాసుడు. కథలోని వీరునికి లేని 'అబ్ద్' మీ బిడ్డ పేరులో ఉన్నది, కాని మన నోటి తొందర దానిని తీసివేసింది. రచయిత చేసినదానిని తప్పుపట్టే ముందు, మనం రోజూ వాకిట్లో నిలబడి చేస్తున్నదేమిటో గమనిద్దాం. నేటి సాయంత్రం అతడు బడినుంచి రాగానే పూర్తి పేరుతో పిలవండి. ఎందుకని అతడు అడుగుతాడు. ఇన్షా అల్లాహ్, పుస్తకం గురించి మీ సంభాషణ అక్కడినుంచే మొదలవుతుంది.