సంతకం ఎవరిది? హక్కు ఎవరిది?

ఆడపిల్ల బంతి తన్నితే పరువు పోతుందట! కాబూల్ పెద్దమనుషుల మాట ఇది. ఖాలిదా పోపల్ ఆ మాట వినలేదు. తల్లి బడిలో వ్యాయామం నేర్పే టీచరు. ఆ తల్లి అండతో, బడి గోడల చాటున తోటి పిల్లల్ని పోగేసింది. తిట్లు తిన్నారు, అయినా ఆట ఆపలేదు. 2007లో అఫ్ఘానిస్తాన్ మహిళా ఫుట్‌బాల్ జట్టు నిలబడింది. దాన్ని కట్టినవాళ్లలో ఆమె ఒకరు, దానికి కెప్టెన్ కూడా. తాలిబాన్లకు ఎదురు మాట్లాడినందుకు చంపుతామని బెదిరింపులు వచ్చాయి. 2011లో దేశం విడిచింది. చివరికి డెన్మార్క్‌లో శరణార్థి అయింది.

దేశం వదిలింది గానీ జట్టును వదల్లేదు.

2018లో ఆటగత్తెలు తమపై జరుగుతున్న లైంగిక దాడుల గురించి ఆమెకు చెప్పుకున్నారు. వేలు చూపింది ఎవరి మీద? ఫుట్‌బాల్ సంఘం అధ్యక్షుడు కెరాముద్దీన్ కరీం మీదే. కంచే చేను మేస్తే ఇంకెవరితో చెప్పుకోవాలి? ఖాలిదా ఆ సాక్ష్యాలను లోకం ముందు పెట్టింది. 2019 జూన్‌లో ఫిఫా అతన్ని జీవితాంతం ఆట నుంచి వెలివేసింది. 10 లక్షల స్విస్ ఫ్రాంకుల జరిమానా వేసింది.

2021 ఆగస్టులో కాబూల్ తాలిబాన్ల చేతికి పోయింది. ఫోటోలు చెరిపెయ్యండి, జెర్సీలు కాల్చెయ్యండి అని తన ఆటగత్తెలకు తానే చెప్పవలసి వచ్చింది ఖాలిదాకు. ఏ జెర్సీ కోసం కొట్లాడిందో దాన్నే! తర్వాత పగలూ రాత్రీ ఫోన్లు పట్టుకుని కూర్చుంది. ఆటగత్తెలు, వాళ్ల ఇంటివాళ్లు కలిపి 75 మందికి పైగా ఆస్ట్రేలియా చేరారు.

ప్రాణం దక్కింది. మరి జట్టు? ఏ దేశం జట్టునైనా ఆ దేశపు ఫుట్‌బాల్ సంఘమే గుర్తించాలనేది అప్పటి ఫిఫా నియమం. ఆ సంఘం ఉన్నది తాలిబాన్ ఏలుబడిలో. ఆటను నిషేధించినవాళ్ల దగ్గరికే పోయి సంతకం తెచ్చుకోమంటే ఏం న్యాయం? ఈ ప్రశ్న అడుగుతూ నాలుగేళ్లు గడిచాయి. 2025 మేలో శరణార్థి మహిళల జట్టుకు ఫిఫా ఒప్పుకుంది. ఆ అక్టోబరులో మొరాకోలో 'అఫ్ఘాన్ విమెన్ యునైటెడ్' పేరుతో వాళ్లు మైదానంలోకి దిగారు. లిబియా మీద 7-0తో గెలిచారు. ఈ గెలుపు ఎవరి దయా కాదు. అడిగి, విసిగించి, నిలబడి తెచ్చుకున్నది.

ఇక్కడ కార్యకర్తలు గమనించాల్సిందొకటుంది. పదకొండు మంది ఆడవాళ్లు రోజూ ఒకచోట చేరితే అది సంఘం. అక్కడ ఒకరి మీద ఒకరికి నమ్మకం కుదిరింది. అందుకే దాడి జరిగినప్పుడు నోరు విప్పగలిగారు. ఊరు కాలుతున్నప్పుడు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని బయటపడగలిగారు. ఆడవాళ్ల ఆటంటే తాలిబాన్లకు అంత భయం ఎందుకో ఇప్పుడు తెలిసిందా? వాళ్ల భయం బంతి గురించి కాదు, ఆ కూడిక గురించి.

అఫ్ఘానిస్తాన్ లోపల ఇంకా లక్షల మంది ఆడపిల్లలకు బడీ లేదు, మైదానమూ లేదు. వాళ్ల ఆటకు తాలిబాన్ సంతకం అడిగే హక్కు ఏ సంస్థకూ లేదు.