సూది పట్టిన చేయి

‘టైటానిక్’ చూసినవాళ్లకు ఆ ఘట్టం గుర్తుండే ఉంటుంది. కూతురి వెనక నిలబడి తల్లి కార్సెట్ తాళ్లు బిగిస్తుంటుంది. చేతిలో చిల్లిగవ్వ లేదు, ఈ పెళ్లి జరగక తప్పదని నచ్చజెబుతూ తాడు లాగుతుంది. అంతకు ఎన్నో ఏళ్ల ముందే ‘గాన్ విత్ ద విండ్’లో స్కార్లెట్ మంచం కోడును కరుచుకుని ఊపిరి బిగబట్టింది. కార్సెట్ అంటే మనకు తెలిసింది ఈ వెండితెర కార్సెట్టే. ఊపిరాడనివ్వదు, ఆడదాని ఒంటిని అచ్చులో పోస్తుంది, తాడు కొస ఎప్పుడూ ఇంకెవరి చేతిలోనో ఉంటుంది. ఇందులో నిజం లేకపోలేదు. కానీ లాగేందుకు తాడు దొరకాలంటే ముందు దాన్ని ఎవరో కత్తిరించాలి, కుట్టాలి, అంచు కట్టాలి. ఆ కుట్టిన చేతిని తలుచుకున్నవాళ్లు అరుదు.

విక్టోరియా రాణి కాలపు మామూలు కార్సెట్ ఒకదాన్ని కుట్లు విప్పి పరిస్తే పక్కకు అయిదో ఆరో, మొత్తం పది పన్నెండు ముక్కలు తేలతాయి. ఒక్క ముక్కా తిన్నగా ఉండదు. ఛాతీ దగ్గర వెడల్పు, నడుము దగ్గర సన్నం, తుంటి మీద మళ్లీ వెడల్పు. వంపంతా కత్తిరింపులోనే పుట్టింది. తాడు చేసేది దాన్ని ఒంటికి హత్తించడమే. మన జాకెట్టులో డాట్లు చేసే పనిని ఇక్కడ ముక్కకూ ముక్కకూ మధ్య కుట్టే చేస్తుంది. గుడ్డ పేరు కూటిల్. చేపముల్లు నేత, చిక్కగా నేసిన పత్తి, లాగినా సాగదు. నేత వాలు ఒక్క పిసరు తప్పి కత్తిరించినా కట్టుకున్నాక మొత్తం మెలితిరిగి కూర్చుంటుంది. బరువంతా పడేది నడుము మీదే కనుక లోపల చుట్టూ ఒక పట్టీ తిప్పి ప్రతి కుట్టులోనూ దాన్ని పట్టిస్తారు. వేసుకున్న మనిషికి ఆ పట్టీ కనిపించదు, తెలియదు. అది లేని కార్సెట్ మాత్రం కొన్నాళ్లకే నడుము దగ్గర సాగి చేతికొస్తుంది.

ఇక గుడ్డ ముడతపడకుండా నిలబెట్టేందుకు లోపల దూర్చే పుల్లలు. మొదట్లో అవి తిమింగలం నోటి నుంచి వచ్చేవి. కొన్ని జాతుల తిమింగలాలకు పళ్లుండవు, పైదవడ నుంచి వేలాడే పలకలుంటాయి. మన గోళ్లలో ఉండే పదార్థమే వాటిలోనూ ఉంటుంది. నిలువునా సన్నగా చీలుతుంది, వేడి తగిలితే వంగుతుంది, చల్లారాక ఆ వంపులోనే నిలుస్తుంది. ఒంటి వేడికే కాస్త మెత్తబడి మనిషి ఆకారానికి అలవాటు పడుతుంది. ఇంతకంటే తగిన వస్తువు దొరకదు. అందుకే 19వ శతాబ్దం చివరికొచ్చేసరికి తిమింగలం నూనె కన్నా ఈ పలకలకే ఎక్కువ ధర పలికింది. ఉత్తర ధ్రువ సముద్రాల్లోని బోహెడ్ తిమింగలాలు వీటికోసమే బలయ్యాయి. సరుకు కరవై ధర మండిపోయాక ప్రత్యామ్నాయాల వేట మొదలైంది. అమెరికాలో వార్నర్ సోదరులు, ఇద్దరూ డాక్టర్లే, మొక్కల నారతో ‘కోరలైన్’ తయారుచేశారు. మిషిగన్‌లోని త్రీ ఓక్స్ అనే చిన్న ఊళ్లో 1883లో ఏకంగా టర్కీ కోడి ఈకల కాడలతో పుల్లలు చేసే ఫ్యాక్టరీ వెలిసింది. చివరికి అందరినీ నెట్టి ఉక్కు నిలిచింది. ఆడవాళ్ల నడుము మీద అంత చర్చ జరిపిన ఆ శతాబ్దం, తిమింగలాన్ని తలుచుకుని ఎంత బాధపడిందో మాత్రం అనుమానమే.

పుల్ల దొడిగాక పని అయిపోయిందనుకుంటే పొరపాటు. నడిచినప్పుడూ కూర్చున్నప్పుడూ ప్రతి పుల్లా దాన్ని దూర్చిన గుడ్డ గొట్టంలో పైకీ కిందికీ కదులుతుంది. వారాలు గడిచేకొద్దీ దాని కొస గుడ్డను అరగదీసి, ఒకరోజు చీల్చుకుని బయటకొచ్చి చంకలోనో తొడ మీదో గుచ్చుతుంది. దీన్ని ఆపేందుకు పుల్ల రెండు కొసల దగ్గరా పట్టుదారంతో చేతికుట్టు వేసేవారు. ఆంగ్లంలో దాన్ని ఫ్లాసింగ్ అన్నారు. పుల్లను దాటుతూ అటొక పోగు, ఇటొక పోగు, మధ్యలో అడ్డంగా మరికొన్ని. కట్టి ఊరుకుంటే సరిపోయేది. కానీ నల్ల గుడ్డ మీద పసుపు దారంతో, బూడిదరంగు మీద ఎరుపుతో విసనకర్రలు, బాణాలు, చిన్న చిన్న పూలు కుట్టారు. పైన రెండు మూడు పొరల బట్టలు కప్పే వస్తువు మీద, చూసేవాళ్లెవరూ లేని చోట, ఆ రంగు ఎంపిక ఎవరి కోసమో ఆలోచించాలనిపిస్తుంది. అవసరానికి వేసిన కుట్టులో కాస్త సొంత ఇష్టం కలుపుకోవడం మన బొంతలు కుట్టే అమ్మమ్మలకూ తెలిసిన విద్యే.

వెనక తాళ్ల రంధ్రాలదీ చిన్న కథ కాదు. 1820ల్లో లోహపు రింగులు వచ్చేదాకా ఒక్కో రంధ్రం చుట్టూ కాజా కుట్టినట్టు దారంతో కుట్టేవారు. పని తెలిసినవాళ్లు గుడ్డను కత్తిరించరు. దబ్బనంతో పోగులను పక్కకు జరిపి దారి చేస్తారు. పోగు తెగితే రంధ్రం బలం పోతుంది. ఎంత బాగా కుట్టినా అతిగా లాగితే మాత్రం గుడ్డ చినిగేది. అంటే లాగుడుకు గుడ్డే ఒక హద్దు పెట్టింది. లోహపు రింగు ఆ హద్దును తీసేసింది. మనం సినిమాల్లో చూసే బిగింపు చాలావరకు ఈ రింగు చలవే.

కుట్టిందెవరు? 18వ శతాబ్దంలో ఎక్కువగా మగవాళ్లు. పొరలు పొరల గుడ్డలో పుల్లలు దూర్చి కుట్టడం చేతులు నొప్పెట్టే పని. ‘కామన్ సెన్స్’ రాసి 1776లో అమెరికా స్వాతంత్య్రానికి ఊపిరులూదిన థామస్ పెయిన్ కూడా థెట్‌ఫర్డ్‌లో తండ్రి దగ్గర ఈ వృత్తే నేర్చాడు. ప్రత్యర్థులు అది మరిచిపోనివ్వలేదు. 1793లో గిల్‌రే గీసిన వ్యంగ్యచిత్రంలో పెయిన్ బ్రిటన్‌కు ప్రతీకైన స్త్రీమూర్తి బ్రిటానియాను వెనకనుంచి కాలితో తన్నిపట్టి తాళ్లు బిగిస్తుంటాడు. ఆమె చెట్టును కావలించుకుని విలవిల్లాడుతుంటుంది. రాజకీయాల మీద కోపం దర్జీ వృత్తి మీద తీర్చుకోవడమన్నమాట. తర్వాతి శతాబ్దంలో పని ఆడవాళ్ల చేతికొచ్చింది. లండన్‌లో రాక్సీ ఆన్ కాప్లిన్ అనే ఆవిడ 1851 మహాప్రదర్శనలో తన కార్సెట్లకు పతకం గెలుచుకుంది. లీస్టర్‌షైర్‌లోని మార్కెట్ హార్బరోలో సిమింగ్టన్ ఫ్యాక్టరీ కుట్టుమిషన్ల మీద వేలకు వేలు తీసింది. వాటిలో ఒకదాని పేరు ‘ప్రెటీ హౌస్‌మెయిడ్’. ఇళ్లలో పనిచేసే అమ్మాయిల కోసం చవకగా, గట్టిగా కుట్టిన రకం అది. నేల తుడిచి, బొగ్గు మోసి, మెట్లెక్కి దిగే మనిషి వేసుకున్న కార్సెట్‌ను ఊపిరాడక మూర్ఛపోయేటట్టు బిగించి ఉండరు. బిగిస్తే పని సాగదు.

కట్టుకునే తీరు చూస్తే ఇది ఇంకా తేటపడుతుంది. 19వ శతాబ్దం సగానికి ముందువైపు రెండు ఉక్కు బద్దలు వాడుకలోకి వచ్చాయి. ఒకదానికి గుండీలు, రెండోదానికి వాటిని పట్టే కొక్కేలు. మొదట లోపల ఒక పల్చటి నూలు చొక్కా వేసుకోవాలి. చెమట పీల్చేది అదే, ఉతికేదీ దాన్నే. కార్సెట్‌ను ఉతకడం అరుదు. తర్వాత వెనక తాళ్లు పూర్తిగా వదులు చేసి ముందు గుండీలు తగిలించాలి. తొందరపడి బిగుతు మీద తగిలిస్తే బద్ద వంగుతుంది, రింగులు ఊడతాయి. నడుము దగ్గర వదిలిపెట్టిన రెండు ఉచ్చుల్ని ఆపైన చేతులు వెనక్కి పెట్టి తనే లాక్కుని ముడేసుకోవచ్చు. మంచం కోడూ అక్కర్లేదు, లాగే మనిషీ అక్కర్లేదు. వెనక ఒకటి రెండు అంగుళాల సందు వదిలేవాళ్లే ఎక్కువ. కొత్తదాన్ని కొన్నాళ్లు వదులుగా వేసుకుని ఒంటికి అలవాటు చేయాలి. ఇప్పటికీ సరదాకు కుట్టుకుని వేసుకునేవాళ్లు ఒక సలహా ఇస్తారు: బూట్లు ముందే తొడుక్కోండి, తర్వాత వంగలేరు.

అంతమాత్రాన కార్సెట్‌కు వకాల్తా పుచ్చుకోనక్కర్లేదు. జర్మన్ శరీరశాస్త్రవేత్త జోమరింగ్ 18వ శతాబ్దంలోనే దాని కీడు మీద పుస్తకం రాశాడు. 1881లో లండన్‌లో పుట్టిన ‘రేషనల్ డ్రెస్ సొసైటీ’ బిగుతు కార్సెట్లతోపాటు లోదుస్తుల బరువు మీదా పోరాడింది. ఏడు పౌండ్లు, అంటే మూడు కిలోల పైచిలుకు, మించకూడదని వాళ్లు కోరారంటే అసలు ఎంత మోసేవారో ఊహించుకోవచ్చు. మంచి ఉద్దేశం ఎదురు తిరిగిన సందర్భమూ ఉంది. పారిస్‌లో వైద్యం చదివిన ఇనెస్ గాష్-సరోత్ అనే ఆవిడ పొట్ట మీద ఒత్తిడి పడకుండా ముందువైపు నిటారుగా ఉండే కార్సెట్ రూపొందించింది. ఫ్యాషన్ దాన్ని అందుకుని బిగించి, ఆడవాళ్లను ఛాతీ ముందుకూ తుంటి వెనక్కూ పొడుచుకొచ్చేలా నిలబెట్టింది. తప్పు గుడ్డది కాదనిపిస్తుంది. అయితే పదహారు అంగుళాల నడుముల కథలన్నీ నమ్మాల్సిన పనీ లేదు. సిమింగ్టన్ సేకరణలో భద్రపరిచిన వాటిలో చాలా కార్సెట్ల నడుము 20 నుంచి 26 అంగుళాల మధ్యే ఉందని ఫ్యాషన్ చరిత్రకారిణి వాలరీ స్టీల్ తన 2001 నాటి పుస్తకంలో చెప్పారు. వెనక సందు కూడా కలుపుకుంటే మనిషి నడుము ఇంకా ఎక్కువే. 1914లో మేరీ ఫెల్ప్స్ జేకబ్ అమెరికాలో బ్రాకు పేటెంట్ తీసుకున్నాక కార్సెట్ రోజులు దగ్గరపడ్డాయి.

పోయిందనుకున్నది ఇప్పుడు మన పెళ్లిళ్లలో పట్టుచీర మీదికి కార్సెట్ బ్లౌజై వచ్చింది. చాలావాటికి ప్లాస్టిక్ పుల్లలు, పక్కన జిప్పు. వెనక తాడు ఉంటే అందానికే. తప్పేమీ లేదు, బాగుంటుంది కూడా. కుట్టించుకునే అమ్మాయిలకు ఒక్క మాట. ఆది జాకెట్టు ఇచ్చి వారంలో తీసుకెళ్లే రకం కాదిది. ముందు కోరా గుడ్డతో ఒకటి కుట్టించి, వేసుకుని, కూర్చుని, వంగి, నాలుగు ముద్దలు అన్నం తిని చూడాలి. పుల్ల కొసలు గుచ్చుకోకుండా లోపలి అంచు చేత్తో కట్టడానికి మరో పూట పడుతుంది. ఈ రెండింటికీ మీ దర్జీ విడిగా కూలి అడిగితే బేరమాడకండి.