వీధి ముఖం సరే, పెరటి సంగతేమిటి?

వారసత్వ కట్టడాలను కాపాడాలనే మాట వచ్చినప్పుడల్లా అందరి చూపూ వీధి ముఖం మీదే. కమానులకు, చెక్కడపు తలుపులకు ఫొటోలు తీస్తాం. ఆ ఇంట్లో కాపురముండేవాళ్లకు కావలసింది మాత్రం వెనకాల: వంటిల్లు, స్నానాలగది, పెళ్లయిన కొడుక్కి ఓ గది. అసలు పరీక్ష అక్కడే అంటాన్నేను.

హైదరాబాదునే చూడండి. 1981 నాటి హుడా జోనింగు నిబంధనల్లో 13వది వారసత్వ కట్టడాలకు రక్షణగా ఉండేది. 2015లో దాన్ని ఎత్తేశారు. 2017లో వారసత్వ చట్టం వచ్చింది. మంచిదే. కానీ కూల్చవద్దంటే సరిపోతుందా? ఎట్లా పెంచుకోవాలో కూడా చెప్పాలి కదా! ఇంగ్లండులో 1967 చట్టంతో 'పరిరక్షణ ప్రాంతాలు' ఏర్పడ్డాయి. అక్కడ కూడా పక్కిల్లు ఆనుకున్న ఇంటికి వెనకవైపు 3 మీటర్ల వరకు ఒంటి అంతస్తు గది సాధారణంగా ప్రత్యేక అనుమతి లేకుండానే కట్టుకోవచ్చు. రెండంతస్తులైతే అనుమతి తప్పనిసరి. ఇట్లా హద్దు తేటగా ఉంటే మనిషి దాని లోపల నడుచుకుంటాడు. లేకుంటే అన్నదమ్ములు ఇరుకుతో విసిగి బిల్డరుకు ఇచ్చేస్తారు. అప్పుడు పోయేది పెరడు కాదు, ఇల్లంతా.

మరి ఎట్లా కట్టాలి? నేను ఆర్కిటెక్టును కాను, సైన్సు విద్యార్థిని. నాకు తెలిసిన మాట చెబుతాను. పాత గోడ సున్నంతో కట్టినది. తడిని పీల్చుకుంటుంది, మళ్లీ ఆరబెట్టుకుంటుంది. దానిమీద సిమెంటు పూస్తే తడి లోపలే చిక్కి, ఉప్పు పేరుకుని, గోడ పెచ్చులూడుతుంది. కొత్త పునాది కొంత కుంగుతుంది. పాతది ఎప్పుడో కుంగి కుదురుకున్నది. రెంటినీ బిగించి కలిపితే బీట తప్పదు. కనుక నడుమ సందు విడవాలి, పైన తేలికపాటి కప్పు వెయ్యాలి. ఎత్తు పాత కప్పును మించకూడదు. నడిమి ముంగిలిని మాత్రం మూయకూడదు. వేడిగాలి పైకి పోయే దారి అదే.

ఇంకొకటి. కొత్త గదికి దొంగ కమానులు అంటించవద్దు. ఈనాటి గది ఈనాటిదిగానే, అణకువగా ఉండనివ్వండి. పాత వేపచెట్టు పక్కన కొత్త మొక్క నాటే రైతు దాని వేళ్లు నరకడు. కొత్తమొక్కకు వేపాకులూ కట్టడు.

ఈ సంగతులన్నీ తెలుగులో, ఉర్దూలో చిన్న పుస్తకంగా వేసి పాతబస్తీ ఇంటింటికీ ఇవ్వాలి. ఇంజనీరింగు, ఆర్కిటెక్చరు మిత్రులు పూనుకుంటే వచ్చే సెలవుల్లోనే మొదలుపెట్టవచ్చు.