గేట్లు ఎత్తాల్సింది సోమశిలకే కాదు

సోమశిలలో ఇవాళ ఎన్ని టీఎంసీల నీళ్లున్నాయో అనంతసాగరంలో ఏ రైతునడిగినా చెబుతాడు. 78 టీఎంసీల జలాశయం మన మండలంలోనే ఉంది. పైనుంచి పెన్నాకు ఎంత వస్తోంది, కాలువలకు ఎంత వదులుతున్నారు, ఎడగారుకు నీళ్లిస్తారా లేదా అన్నదే టీ బంకుల దగ్గర రోజూ చర్చ. మరి పక్కింటి రైతుకు ఎంత అప్పుందో, రాత్రిళ్లు అతనికి నిద్ర పడుతోందో లేదో మనలో ఎంతమందికి తెలుసు?

ఈ మధ్య ఫోను తెరిస్తే చాలు, ఒత్తిడి తగ్గించుకోండి, సంతోషంగా ఉండండి అనే ఉపదేశాలే. వేకువనే లేవమంటారు, కాసేపు నడవమంటారు, శ్వాస మీద ధ్యాస పెట్టమంటారు. వేకువనే లేవడం, నడవడం రైతుకు ఒకరు నేర్పాలా? ధ్యానాన్ని మేము తప్పుపట్టడం లేదు. చేయగలిగినవాళ్లు చేయండి, మంచిదే. కానీ నెత్తిన అప్పు పెట్టుకుని కళ్లు మూసుకుంటే కనిపించేది ఆ అప్పే.

ఒక చిన్న లెక్క చూద్దాం. 3 లక్షల లోపు పంట రుణం బ్యాంకులో తీసుకుని గడువులోగా కట్టిన రైతుకు కేంద్రం వడ్డీ రాయితీ పోను పడేది 4 శాతం. అంటే లక్షకు ఏడాదికి 4 వేలు. బయట నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి తెస్తే ఏడాదికి 24 వేలు, మూడు రూపాయలైతే 36 వేలు. బయటి అప్పుకు ఎక్కువగా పోయేది కౌలు రైతే. 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం 11 నెలలకు కార్డు ఇస్తామంది కానీ, దాన్ని భూయజమాని సంతకంతో ముడిపెట్టింది. సంతకం పెడితే భూమి పోతుందేమోనని యజమానికి భయం. గట్టిగా అడిగితే వచ్చే ఏడు కౌలుకివ్వరేమోనని రైతుకు భయం. కార్డు లేకపోతే బ్యాంకు గడప ఎక్కడం కష్టం, నష్టపరిహారమూ చేతికి రాదు. పండించి మిల్లు దగ్గరికి వెళితే తేమ అనీ, తరుగు అనీ కోత. ఉదయగిరి వైపు మెట్ట రైతుదైతే బోరులో నీళ్లు పడతాయా లేదా అన్న దిగులు. రైతు గుండె మీది బరువుకు కారణాలు ఇవి. అతని మనసు బలహీనమై కాదు.

జాతీయ నేర గణాంకాల ప్రకారం 2022లో దేశంలో వ్యవసాయం మీద బతికేవారు 11,290 మంది ఆత్మహత్య చేసుకున్నారు. అందులో రైతులు 5,207 మంది, కూలీలు 6,083 మంది. మన రాష్ట్రంలో ఈ సంఖ్య 917. ఇవి ఒక్కొక్కరి సొంత కష్టాలని సరిపెట్టుకోగలమా?

అయితే కారణాలు బయట ఉన్నాయని లోపలి బాధను వదిలేయకూడదు. ధర కోసం ధర్నాకు వందమందిమి కలుస్తాం. అప్పు దగ్గరికి వచ్చేసరికి ఎవరికి వారే. పరువు పోతుందని భార్యకు కూడా చెప్పరు. దాచిన అప్పు వడ్డీతోనే కాదు, భయంతోనూ పెరుగుతుంది. నిండిన జలాశయానికి గేట్లు ఎత్తడాన్ని ఎవరైనా చేతగానితనం అంటారా? ఎత్తకపోతే కట్టకే ముప్పు.

అందుకే సభ్యులకు మా మనవి. ఇంట్లో అందరూ కూర్చుని అప్పులన్నీ ఒక కాగితం మీద రాయండి. ఎవరికి ఎంత, వడ్డీ ఎంత, ముందు తీర్చాల్సింది ఏది అన్నది తేల్చుకోండి. ఆ కాగితంతో సంఘం దగ్గరికి రండి. బ్యాంకుకైనా, వడ్డీ వ్యాపారి దగ్గరికైనా ఒంటరిగా పోవద్దు, పదిమందిమి కలిసి పోదాం. నాలుగు రోజులుగా పొలానికి రాని మనిషి, మాట తగ్గించి తాగుడు పెంచిన మనిషి కనబడితే ఇంటికి వెళ్లి పలకరించండి. నీతులు చెప్పొద్దు, చెప్పింది వినండి. అలాంటి సమయంలో పురుగుమందులు ఇంట్లో ఉంచనీయొద్దు. 14416కు ఫోన్ చేస్తే టెలీ మానస్ వారు పగలైనా రాత్రైనా తెలుగులో మాట్లాడతారు, ఖర్చు లేదు. ఎవరైనా ప్రాణం తీసుకోబోయి బతికితే కేసవుతుందని దాచొద్దు. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం అలాంటి వారికి అందాల్సింది వైద్యం, శిక్ష కాదు.

ప్రభుత్వాన్ని మనం అడిగేవీ స్పష్టమే. యజమాని సంతకంతో పని లేకుండా, సాగు చేసే ప్రతి కౌలు రైతుకూ కార్డు, పంట రుణం ఇవ్వాలి. స్వామినాథన్ కమిషన్ చెప్పినట్టు ఖర్చుకు సగం కలిపి మద్దతు ధర ఇవ్వాలి. కేరళ 2006లో చట్టం చేసి పెట్టుకున్నట్టు, ప్రైవేటు అప్పులనూ విచారించే రుణ విమోచన కమిషన్ ఇక్కడా రావాలి.

సంతోషం ఎక్కడో దొరికేది కాదు. బదులు నాట్లకు పోయిన రోజుల్లో పని తక్కువేం లేదు, పైసలు ఎక్కువేం లేవు. పక్కన మనిషి ఉన్నాడన్న ధైర్యం ఉండేది. ఆ ధైర్యాన్ని మళ్లీ తెచ్చుకోవడమూ సంఘం పనే. ఈ నెల గ్రామ సమావేశాల్లో ధరల మీద చర్చకు ముందు ఒక అరగంట ఒకరి కష్టం ఒకరం విందాం. ఆ తర్వాతే తీర్మానాలు రాసుకుందాం.