యుద్ధ ప్రాతిపదికన దోపిడీ

మొఘల్‌పురా గల్లీల్లో మురుగు పొంగినప్పుడల్లా, రోడ్డు కుంగినప్పుడల్లా పాలకుల నోట వెలువడే మాట ఒక్కటే: ‘యుద్ధ ప్రాతిపదికన పనులు చేపడతాం.’ ఈ మాట వినీ వినీ మన చెవులు చిల్లులు పడ్డాయి. దాని అర్థమేమిటో నిలదీసి అడగవలసిన సమయం వచ్చింది.

యుద్ధ ప్రాతిపదిక అంటే వేగమని పాలకులు చెబుతారు. కాంట్రాక్టరు నిఘంటువులో దానికి వేరే అర్థం ఉంది. టెండరు అక్కరలేదు, బేరం అక్కరలేదు, లెక్కలు తర్వాత చూసుకోవచ్చు. నిజంగానే యుద్ధం జరిగిన చోట ఈ అర్థం ఎంత దూరం పోయిందో ఇరాక్ చెబుతుంది.

2003 మార్చిలో బాగ్దాద్‌పై బాంబులు పడకముందే, ఇరాక్ చమురు వ్యవస్థను బాగుచేసే కాంట్రాక్టు పోటీ టెండరు లేకుండా హాలిబర్టన్ అనుబంధ సంస్థ కేబీఆర్‌కు దక్కింది. అప్పటి అమెరికా ఉపాధ్యక్షుడు డిక్ చెనీ 2000 సంవత్సరం దాకా ఆ హాలిబర్టన్‌కే అధిపతి. ఖర్చంతా ప్రభుత్వం భరించి, దానికి తోడు రుసుము కూడా చెల్లించే పద్ధతిలో ఒప్పందం కుదిరింది. ఖర్చు తగ్గించుకోవలసిన అవసరం లేని వాడు ఎందుకు తగ్గిస్తాడు? కువైట్ నుంచి తెచ్చిన పెట్రోలుపై ఆ సంస్థ సుమారు 6 కోట్ల 10 లక్షల డాలర్లు అదనంగా వసూలు చేసి ఉండవచ్చని అదే ఏడాది డిసెంబరులో పెంటగాన్ సొంత ఆడిటర్లే తేల్చారు.

ఆ తర్వాత జరిగిందేమిటి? ఆడిటర్లు అభ్యంతరం చెప్పిన మొత్తం 26 కోట్ల 30 లక్షల డాలర్లకు చేరింది. అందులో సుమారు కోటి డాలర్లు మాత్రం మినహాయించి, మిగిలినదంతా చెల్లించడానికి 2006లో అమెరికా సైన్యం అంగీకరించింది. టెండరు లేని ఈ కాంట్రాక్టును తప్పుపట్టిన సైనిక ఇంజనీరింగ్ విభాగపు ఉన్నతాధికారిణి బన్నీ గ్రీన్‌హౌస్‌ను 2005లో పదవి నుంచి కిందికి దించారు. ప్రశ్నించిన ఆమెకు శిక్ష పడింది, ప్రశ్నకు గురైన సంస్థకు బిల్లు అందింది.

ఆ చెల్లింపుల్లో పెద్ద భాగం ఇరాక్ చమురు అమ్మగా వచ్చిన సొమ్ము నుంచే వెళ్లిందన్న సంగతి మరువరాదు. ఇల్లు కూల్చినవాడే మరమ్మతు కాంట్రాక్టు తన వారికిచ్చి, ఆ ఖర్చును ఇంటివాడి జేబులోంచి తీసుకున్నాడు. ఇరాకీల నిధుల్లో 880 కోట్ల డాలర్లకు ఆక్రమణ పాలకులు సరైన లెక్క చూపలేకపోయారని 2005 జనవరిలో అమెరికా ప్రత్యేక తనిఖీ అధికారే ప్రకటించారు. దాదాపు 150 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు కట్టిస్తామని పార్సన్స్ సంస్థ ఒప్పుకున్నది. రెండేళ్లు గడిచి, 18 కోట్ల డాలర్లకు పైగా ఖర్చయ్యాక చూస్తే పూర్తయినవి ఆరు. ఏడు డాలర్ల స్విచ్చికి 900 డాలర్ల బిల్లు పెట్టిన ఉదంతాన్ని 2011లో అదే తనిఖీ సంస్థ బయటపెట్టింది. ఇరాక్, అఫ్ఘానిస్తాన్‌లలో కాంట్రాక్టుల పేరిట వృథా అయినదీ, మోసంలో పోయినదీ కలిపి 3,100 కోట్ల నుంచి 6,000 కోట్ల డాలర్లని అమెరికా కాంగ్రెస్ నియమించిన కమిషన్ ఆ సంవత్సరం ఆగస్టులో లెక్కగట్టింది.

ఇక మన గడ్డకు వద్దాం. ఇక్కడ యుద్ధం లేదు. యుద్ధ ప్రాతిపదిక మాత్రం ఉంది. కాళేశ్వరం ఎత్తిపోతల పథకాన్ని మూడేళ్లలో పూర్తిచేశామని గొప్పలు చెప్పుకుని 2019 జూన్ 21న ప్రారంభించారు. 2023 అక్టోబరులో మేడిగడ్డ బ్యారేజీ పియర్లు కుంగాయి. 2024 ఫిబ్రవరిలో శాసనసభ ముందుకు వచ్చిన కాగ్ నివేదిక, కేవలం నాలుగు పనుల్లో పంపులు, మోటార్ల ధరలను అంచనాల్లో విపరీతంగా పెంచి చూపినందువల్ల కాంట్రాక్టర్లకు కనీసం 2,684 కోట్ల రూపాయల అనుచిత లబ్ధి కలిగిందని పేర్కొన్నది. 2023-24 బడ్జెట్టులో రాష్ట్రం మొత్తం మీద మైనారిటీల సంక్షేమానికి చూపిన కేటాయింపు 2,200 కోట్లు. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూడండి. మన పిల్లల ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిల గురించి అడిగినప్పుడు ఖజానా ఖాళీ అంటారు. ఖజానాను ఎవరు ఖాళీ చేశారో ఈ అంకెలే చెబుతాయి.

ఆపద వచ్చినప్పుడు టెండర్లు పిలుస్తూ కూర్చోవాలా అని కొందరు వాదిస్తారు. అక్కరలేదు. నీట మునిగిన బస్తీకి పడవలు ఆ రాత్రే కావాలి. అయితే పని త్వరగా అప్పగించడం వేరు, ధర సరిచూడకుండా బిల్లు చెల్లించడం వేరు. వరద తీసిన తర్వాత కూడా నామినేషన్ పద్ధతే కొనసాగుతున్నదంటే, ఆపద గడిచినా ఆపద లాభం కొందరికి ఇంకా అందుతున్నదని అర్థం.

పేదవాడి విషయంలో ఈ తొందర కనిపించదు. 2020 అక్టోబరు వరదల్లో అల్ జుబైల్ కాలనీ, హఫీజ్ బాబా నగర్ మునిగిపోయాయి. ఒక్కో కుటుంబానికి ప్రకటించిన సాయం పదివేల రూపాయలు. దాని కోసం మన తల్లులు, అక్కచెల్లెళ్లు మీసేవ కేంద్రాల ముందు గంటల తరబడి బారులు తీరారు. నగరపాలక ఎన్నికల ప్రకటన రాగానే ఆ సాయమూ ఆగిపోయింది. పదివేలకు ఇన్ని ఆంక్షలు పెట్టిన ప్రభుత్వానికి వేల కోట్ల బిల్లుల దగ్గర ఆ పట్టుదల ఏమైంది?

లెక్క చూసే విద్య మనకు కొత్త కాదు. 2006 నుంచి ఉపాధి హామీ పనులకు సామాజిక తనిఖీ జరిపి దేశానికి దారి చూపింది ఉమ్మడి ఆంధ్రప్రదేశే. గడ్డపార పట్టిన కూలీ పేరు, పని దినాలు, అందిన కూలి ప్రజావేదికలో అందరి ముందూ చదివి వినిపిస్తారు. దినకూలీ మస్టరు బహిరంగమైనప్పుడు కోట్ల కాంట్రాక్టరు ఎం.బుక్ బీరువాలో ఎందుకు దాగాలి?

అందుకే మేము కోరుతున్నాము. నామినేషన్‌పై ఇచ్చిన ప్రతి పని అంచనా, కొనుగోలు రసీదు, కొలతల పుస్తకం ఆ వార్డు కార్యాలయంలో ప్రజలకు చూపాలి. నగరంలోని పనులకు కూడా బస్తీవాసుల సమక్షంలో సామాజిక తనిఖీ జరపాలి. అదనంగా చెల్లించినదని తేలిన ప్రతి రూపాయినీ కాంట్రాక్టరు నుంచి తిరిగి రాబట్టాలి. తప్పును ఎత్తిచూపిన అధికారికి రక్షణ కల్పించాలి. ఇందుకు కొంత దారి ఇప్పటికే ఉంది. 2005 నాటి సమాచార హక్కు చట్టం, నాలుగో సెక్షన్ కింద, ఎవరూ అడగకుండానే ఖర్చుల వివరాలు వెల్లడించమంటున్నది.

ప్రజాధనం అమానత్. కొలత తగ్గించి ఇచ్చి, తాము మాత్రం నిండుగా కొలిపించుకునే వారి పేరుతోనే ఖురాన్‌లో ఒక సూరా ఉంది. ఆ కొలపాత్ర ఇప్పుడు అంచనా పత్రం రూపంలో వస్తున్నది. ఇకమీదట మన బస్తీకి వచ్చి ‘యుద్ధ ప్రాతిపదికన’ అన్న నాయకుణ్ణి ఒక్క ప్రశ్న అడగండి: పని ఎవరికిచ్చారు, ఎంతకిచ్చారు, ఆ లెక్క చూసేదెవరు?