చప్పుడు చెయ్యని జబ్బు

కంప్యూటర్లతో బతుకుతున్నవాళ్ళకి ఎర్రర్ మెసేజ్ అంటే చిరాకు. నాకు మాత్రం ఈమధ్య దాని మీద గౌరవం పెరిగింది. ఎంత వంకరగా ఉన్నా అది ఏదో ఒకటి చెప్తుంది. వెతుక్కోడానికి ఒక ముక్కయినా దొరుకుతుంది. ఏమీ చెప్పకుండా బిగుసుకుపోయే సర్వర్‌తోనే అసలు తంటా. జ్వరం లేదు, దగ్గు లేదు, మనిషి మాత్రం ఉలకడు పలకడు. అలాంటి రోగికి ఏ డాక్టరు మాత్రం ఏ మందు రాస్తాడు?

మా ఇంటి బేస్‌మెంట్‌లో అలాంటి రోగి ఒకటి ఉండేది. పాత తెలుగు పత్రికలు స్కాన్ చేసి దాచుకునే చిన్న గుంపు మాది, మొత్తం ఐదుగురం. పేజీలన్నీ చేరేది సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఈ లినక్స్ పెట్టెలోకే. అందరికంటే ఎక్కువ పని చేసేది రాజమండ్రిలో ఉన్న ఒక రిటైర్డ్ తెలుగు మాష్టారు. చీకటితోనే లేచి మొదలుపెట్టి, రాత్రి తొమ్మిదింటికి ఆఖరి పేజీ ఎక్కించి పడుకుంటారు. ఆయన దగ్గరున్నవి 1930ల నాటి సంచికలు, ఎవరి దగ్గరో బతిమాలి అరువు తెచ్చినవి. ముట్టుకుంటే అంచులు పొడిపొడిగా రాలిపోతున్నాయి. ఇచ్చినాయన వేసవిలోపు తిరిగి ఇమ్మన్నాడు.

చలికాలంలో సర్వర్ ఆగిపోవడం మొదలైంది, వారానికి ఒకటి రెండుసార్లు. పింగ్‌కి జవాబుండదు. క్యాప్స్ లాక్ నొక్కితే కీబోర్డు మీద దీపం కూడా వెలగదు. ఫ్యాన్ మాత్రం హాయిగా తిరుగుతూ ఉంటుంది. పవర్ బటన్ నొక్కిపట్టి ఆపి మళ్ళీ వేస్తే ఏమీ ఎరగనట్టు లేచి కూచుంటుంది. లాగులు తీసి చూస్తే అన్నీ మామూలు వరసలు, ఆ వెంటనే మళ్ళీ బూట్ అయిన వరస. మధ్యలో ఖాళీ.

నాలుగోసారి మాష్టారు ఫోన్ చేశారు. "నేను ఆఖరి పేజీ ఎక్కించాకే ఆగిపోతోంది బాబూ. ప్రతిసారీ అంతే, తారీఖులు రాసి పెట్టాను. ఈ మిషన్ల సంగతి నాకు తెలీదు, నేనే ఏదో నొక్కకూడనిది నొక్కుతున్నానేమో. కొన్నాళ్ళు మానేస్తాను."

"అదేం లేదు మాష్టారూ" అన్నాను. కానీ ఊరికే ధైర్యం చెప్తే నమ్మే మనిషి కాదాయన. పైగా ఆయన రాసిపెట్టిన తారీఖులు తప్పు కావు. మిషన్ తన తప్పేమిటో చెప్పకపోతే, దగ్గరున్న మంచివాళ్ళు ఆ తప్పు తమ మీద వేసుకుంటారు.

ముందు ఒక సంగతి. లాగులో ఏమీ లేదంటే ఏమీ జరగలేదని కాదు. కెర్నల్ చెప్పే మాట మొదట మెమరీలో పడుతుంది, తర్వాత డిస్కులోకి చేరుతుంది. ఈలోపే మిషన్ బిగుసుకుపోతే ఆఖరి మాటలు నోట్లోనే ఉండిపోతాయి. అందుకని నెట్‌కన్సోల్ అనే ఏర్పాటు ఉంది. అది డిస్కు దాకా ఆగకుండా కెర్నల్ మాటల్ని నెట్‌వర్క్ మీదుగా పక్క మిషన్‌కి పంపేస్తుంది. ఒక పాత ల్యాప్‌టాప్‌ని పక్కన కూచోబెట్టి వినమన్నాను. మళ్ళీ ఆగింది. ల్యాప్‌టాప్‌కి ఒక్క ముక్క వినబడలేదు.

అదీ సమాచారమే. లినక్స్‌లో ఒక కాపలావాడుంటాడు. ప్రాసెసర్ పది సెకన్లపాటు ఇంటరప్టులకి కూడా పలక్కపోతే కేక పెట్టడం వాడి పని. వాడూ నోరెత్తలేదంటే సాఫ్ట్‌వేర్ మీద అనుమానం తగ్గించి ఇనుము వైపు చూడాలి. మెమరీ పరీక్ష ఒక రాత్రంతా నడిపాను, శుభ్రంగా పాసయింది. వేడి కూడా మామూలుగానే ఉంది.

ఎందుకు ఆగుతోందో తెలియనప్పుడు ఎప్పుడు ఆగుతోందో పట్టుకోవాలి. నిమిషానికోసారి టైము పంపే చిన్న స్క్రిప్టు రాశాను, నాడి చూసినట్టు. ఆఖరి నాడి ఎప్పుడు కొట్టుకుందో ల్యాప్‌టాప్‌లో రాసుంటుంది. ఆగిపోయే వ్యవధి ప్రతిసారీ ఒకటే అయితే ఎక్కడో ఒక లెక్క నిండిపోతోందని అర్థం. విండోస్ 95 అలాగే 49.7 రోజులు ఆపకుండా నడిస్తే బిగుసుకుపోయేది. మిల్లీసెకన్లు లెక్కపెట్టే 32 బిట్ల గడి సరిగ్గా అప్పటికి నిండుతుంది. నా పెట్టెకి అలాంటి నియమం లేదు. ఒకసారి రెండు రోజులు, ఒకసారి ఆరు.

కానీ గంటలు చూస్తే వేరే కథ. ప్రతిసారీ ఇండియాలో అర్ధరాత్రికీ తెల్లవారుజాము నాలుగింటికీ మధ్యే. అంటే మాష్టారు పని ముగించిన మూడు నుంచి ఏడు గంటల తర్వాత, పెట్టెకి ఏ పనీ లేనప్పుడు. వందల పేజీలు ఒకేసారి మీద పడ్డప్పుడు ఒక్కసారి కూడా ఆగలేదు. దీనికి పని ఎక్కువై కాదు, విశ్రాంతి దొరికితేనే ప్రాణం మీదికొస్తోంది.

పరీక్ష తేలికే. ఎవరూ లేని వేళల్లో పనికిమాలిన లెక్కలు చేస్తూ ఉండమన్నాను. మూడు వారాలు ఆగలేదు. తర్వాత ఆ లెక్కలు తీసేసి, ప్రాసెసర్‌ని గాఢ నిద్రలోకి పోనివ్వని సెట్టింగ్ బయాస్‌లో పెట్టాను. ఇంకో మూడు వారాలు ఆగలేదు.

ఇప్పటి ప్రాసెసర్లు పని లేకపోతే కరెంటు దాదాపు మానేస్తాయి. 2013లో ఇంటెల్ హాస్‌వెల్ చిప్పులు వచ్చినప్పుడు దీని మీద పెద్ద చర్చే జరిగింది. గాఢ నిద్రలో ఆ చిప్పు 12 వోల్టుల తీగ మీద 0.05 ఆంపియర్లకి దిగగలదు. అంతకుముందు పవర్ సప్లైలకి పెట్టుకున్న కనీస లెక్క 0.5. పదో వంతు! అంత తక్కువ లాగితే కొన్ని పాత సప్లైలు వోల్టేజీని నిలకడగా పట్టలేవు. మా పెట్టెలో ప్రాసెసర్ కొత్త తరానిది, అమ్మినవాడు బిగించిన సప్లై పాత తరానిది. ఒకరికి తిండి తక్కువ, ఇంకొకరికి కొంచెంగా వడ్డించడం చేతకాదు.

కొత్త సప్లై వేసి, బయాస్ సెట్టింగ్‌ని మళ్ళీ పాతచోటికి తిప్పాను. నెల రోజులు నడిచింది. అప్పుడు పాత సప్లై మళ్ళీ బిగించాను. చూసినవాళ్ళకి పిచ్చిపని అనిపిస్తుంది గానీ, తీసేస్తే తగ్గి, పెడితే తిరగబెట్టినప్పుడే జబ్బు పేరు ఖాయం అవుతుంది. మూడో రోజు ఆగింది. అంత సంతోషంగా ఒక సర్వర్‌ని పాతిపెట్టిన మనిషి ఇంకొకడుండడు.

మాష్టారికి ఫోన్ చేసి తారీఖులన్నీ చదివి వినిపించాను. "మీరు రాసుకున్నది అక్షరాలా నిజం. మీరు పని ఆపాకే అది ఆగింది. మీరు చేసిందేదో దాన్ని ఆపలేదు, మీరు చేస్తున్నంతసేపూ అది బతికింది" అన్నాను.

కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నా ఉద్యోగం అయ్యాక నాకూ అలాగే ఉండేదయ్యా" అన్నారు. సంచికలు ఇంకా పదకొండు మిగిలాయట, వేసవికి ముందే అయిపోతాయన్నారు.