తీరిక వేళ: బల్లమీద రైలుబండి

గేటు పడినప్పుడు విసుగుకొనే పెద్దలు కూడా, బండి దగ్గరకు రాగానే పెట్టెలు లెక్కపెట్టడం మొదలుపెడతారు. ఆ ముచ్చటను ఇంటికి తెచ్చుకొని, గదిలో ఒక మూల స్టేషను, వంతెన, సిగ్నలు అమర్చి, వాటి నడుమ చిన్న రైలును నడుపుకొనేవారు ప్రపంచమంతటా ఉన్నారు. మన దేశంలో వీరి సంఖ్య తక్కువ. అందులోనూ కొందరు మోజుకొద్దీ మొదటి రోజే ఖరీదైన ఇంజను కొని, ఆ పైన దానికి తగిన పట్టాలు దొరకక, పెట్టెల కొక్కెములు కుదరక, అన్నిటినీ అటక ఎక్కించినవారే. దుకాణానికి బయలుదేరే ముందే నిర్ణయించుకొనవలసిన విషయాలు కొన్ని ఉన్నవి.

మొదటిది కొలత. అసలు బండికి, నమూనాకు గల నిష్పత్తిని స్కేలు అంటారు. రెండు పట్టాల లోపలి అంచుల మధ్య దూరం గేజి. ప్రపంచంలో అత్యధికంగా వాడుకలో ఉన్నది హెచ్.ఓ. అనే పద్ధతి. ఇందులో ప్రతి వస్తువూ అసలులో 87వ వంతు. పట్టాల మధ్య దూరం 16.5 మి.మీ. బ్రిటనులో ప్రచారంలో ఉన్న డబుల్ ఓ. పద్ధతికి పట్టాలు ఇవే గాని, బండ్లు 76వ వంతు. ఎన్. స్కేలు 160వ వంతు. పట్టాల ఎడం 9 మి.మీ. మన పెరంబూరు కర్మాగారపు పాతరకం పెట్టె పొడవు సుమారు 21.3 మీటర్లు. అది హెచ్.ఓ.లో 24.5 సెంటీమీటర్లు, ఎన్.లో 13.3 సెంటీమీటర్లు అవుతుంది. 12 పెట్టెల బండి నిలువవలెనంటే హెచ్.ఓ.లో సుమారు మూడు మీటర్ల ప్లాట్‌ఫారం కావలెను, ఎన్.లో అందులో సగానికి కొంచెం ఎక్కువ చాలు. ఇరుకు ఇళ్ళలో ఉండేవారు ఈ లెక్కను ముందే వేసికొనుట మంచిది.

రెండవ చిక్కు మన దేశానికి ప్రత్యేకమైనది. విదేశీ కంపెనీల హెచ్.ఓ. పట్టాలు ఐరోపా, అమెరికాలలోని 1,435 మి.మీ. మార్గాన్ని అనుసరించి చేసినవి. మన బ్రాడ్ గేజి 1,676 మి.మీ. దానిని 87తో భాగిస్తే 19 మి.మీ. పైచిలుకు వస్తుంది. అనగా బజారులో దొరికే పట్టాలపై మన బండి నిలబెడితే, పెట్టె కొలత సరిగానే ఉన్నా, చక్రాలు లోపలికి జరిగినట్లు కనబడతవి. చాలామంది ఈ లోపాన్ని సహించి 16.5 మి.మీ. పట్టాలనే వాడుతున్నారు. అది సహించలేనివారు విడి పట్టాలు తెచ్చి, సరైన ఎడంతో చేతితో బిగించుకొనవలెను. ఇరుసులు కూడా మార్చుకొనవలెను.

మీటరు గేజి, నారో గేజి బండ్లకు ఈ బాధ చాలవరకు లేదు. మీటరు గేజి హెచ్.ఓ.లో 11.5 మి.మీ.కు వస్తుంది. స్విట్జర్లాండులోని మీటరు గేజి రైళ్ళ నమూనాల కోసం జర్మనీకి చెందిన బెమో వంటి కంపెనీలు చేసే 12 మి.మీ. పట్టాలు దీనికి దాదాపు సరిపోతవి. కాల్కా–సిమ్లా మార్గపు గేజి 762 మి.మీ. అది హెచ్.ఓ.లో 9 మి.మీ.కు అతి దగ్గర. అనగా ఎన్. స్కేలు పట్టాలపై సిమ్లా బండిని నడపవచ్చును. కొత్తగా ప్రారంభించేవారికి ఇది గొప్ప వెసులుబాటు.

ఇక కంపెనీల విషయం. బ్రిటనులో హార్న్‌బీ సంస్థ 1920 నుండి రైళ్ళ నమూనాలకు ప్రసిద్ధి. అదే దేశంలో డెవన్ ప్రాంతానికి చెందిన పీకో సంస్థ 1946లో స్థాపితమైనది. అనేక గేజిలలో పట్టాలు, పాయింట్లు దాని ప్రత్యేకత. అమెరికాలోని మిల్వాకీ నగరంలో 1932లో వెలసిన వాల్థర్స్ వద్ద కట్టడాల విడిభాగాలు విరివిగా లభిస్తవి. ఎన్. స్కేలు కోరేవారికి జపానుకు చెందిన కాటో పట్టాలు అనుకూలం. కంకర దిమ్మెతో సహా రావడం వల్ల నేలమీదనైనా చిటికెలో అమర్చవచ్చును. జర్మనీలోని మార్క్లిన్ సంస్థ 1859 నాటిది, నాణ్యతకు పేరుపొందినది. అయితే దాని హెచ్.ఓ. బండ్లు పట్టాల మధ్యనున్న మొలకల ద్వారా విద్యుత్తు గ్రహించే వేరు పద్ధతివి. సాధారణ రెండు పట్టాల మార్గంపై అవి నడువవు.

మన దేశంలో ఈ వస్తువులకే ప్రత్యేకించిన దుకాణాలు బహు స్వల్పం. పెద్ద నగరాలలోని హాబీ దుకాణాలలో ప్రారంభపు సెట్లు దొరకవచ్చును. మిగిలినవి విదేశాలనుండి తెప్పించుకొనవలసినవే. ఆటవస్తువులపై దిగుమతి సుంకం 2020లో 20 నుండి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెరిగినది. కనుక ఆర్డరు పంపే రోజున అమలులో ఉన్న సుంకమెంతో విచారించి, దానిని ధరకు కలుపుకొని చూచుకొనవలెను. అమ్మేవారిని నాలుగు ప్రశ్నలు అడుగుట అవసరం: స్కేలు ఏది? విద్యుత్తు ఏ పద్ధతిది? కొక్కెము ఏ రకము? మోటారు, చక్రాలు విడిగా దొరుకునా? వీటికి స్పష్టమైన జవాబు రానిచోట, ధర ఎంత తక్కువైనా కొనకపోవుటే మేలు.

ఖర్చు తగ్గించే మార్గాలు మన వీధిలోనే ఉన్నవి. ఎనిమిది అడుగుల పొడవు, నాలుగు అడుగుల వెడల్పు గల ప్లైవుడ్ పలక హెచ్.ఓ.లో ఒక చిన్న చుట్టుమార్గానికి చాలును. కలప అడితీలో రంపపు పొట్టు తెచ్చి, ఆకుపచ్చ రంగులో నానబెట్టి ఆరబెడితే పచ్చిక సిద్ధం. కొబ్బరిపీచు ఎండుగడ్డి అవుతుంది. కొండపల్లి బొమ్మలకు వాడే తెల్లపొణికి కర్ర తేలికైనది, మెత్తనిది. ఇళ్ళు, ఎడ్లబండ్లు చెక్కడానికి అనువైనది. పట్టాల మధ్య కంకరగా జల్లించిన ఇసుక చల్లి, నీళ్ళు కలిపిన ఫెవికాల్‌తో అంటించవచ్చును. ముందుగా ఆ ఇసుకపై అయస్కాంతం తిప్పి చూడవలెను. మన సముద్రతీరపు ఇసుకలో ఇనుపరజను ఉంటుంది. అది ఇంజను మోటారులో చేరితే మోటారు పాడవుతుంది. ఇంటి కరెంటును 12 వోల్టులకు దించే పరికరం మాత్రం నాణ్యమైనదే కొనవలెను. ఇందులో పొదుపు ప్రాణాపాయం.

కొలతలు, మెలకువలు నేర్చుకొనడానికి ఆధారాలు లేకపోలేదు. అమెరికాలో 1934లో మొదలైన మోడల్ రైల్‌రోడర్, బ్రిటనులో 1949లో మొదలైన రైల్వే మోడెలర్ పత్రికలు నేటికీ వెలువడుతున్నవి. అమెరికా నమూనా రైళ్ళ జాతీయ సంఘం 1935లో, ఐరోపా సంఘాల సమాఖ్య మోరాప్ 1954లో ఏర్పడినవి. చక్రాలకు, పట్టాలకు, కొక్కెములకు ఇవి నిర్ణయించిన ప్రమాణాలను రుసుము లేకుండా చదువుకొనవచ్చును. మన దేశంలో పుణేలోని కోత్రూడ్ ప్రాంతంలో బి.ఎస్. జోషి నెలకొల్పిన సూక్ష్మ రైల్వే ప్రదర్శనశాల 1998 నుండి ఉన్నది. అసలు ఇంజన్లను దగ్గరనుండి పరిశీలించడానికి 1977లో ప్రారంభమైన ఢిల్లీ జాతీయ రైలు మ్యూజియం, 1979 నాటి మైసూరు రైలు మ్యూజియం ఉన్నవి.

ఈ వ్యాపకానికి మరొక ప్రయోజనం కూడా ఉన్నది. దేశమంతటా ఒకే గేజి ఉండవలెనన్న పథకం 1992లో మొదలైన తరువాత మీటరు గేజి మార్గాలు ఒకటొకటిగా మారిపోయినవి. బ్రాడ్ గేజిపై ఆవిరి ఇంజన్ల సాధారణ ప్రయాణం 1995తో ముగిసినది. గుంటూరు–గుంతకల్లు, కాచిగూడ–మన్మాడు మార్గాలు ఒకప్పుడు మీటరు గేజి అన్న సంగతి నేటి పిల్లలకు తెలియదు. ఆ కాలపు స్టేషను, గూడ్సు షెడ్డు, నీటి ట్యాంకు ఎక్కడైనా మిగిలి ఉంటే, అధికారుల అనుమతితో, పట్టాలపైకి పోకుండా, వాటి కొలతలు, ఫోటోలు తీసికొనుట నమూనాకు మొదటి మెట్టు. ఆనాటి రైల్వే ఉద్యోగులు ఇంటిలోనో, వీధిలోనో ఉంటే వారినడిగి రంగులు, బోర్డులు, సిగ్నళ్ళ తీరు రాసి ఉంచుకొనవలెను. పట్టాలు, ఇంజన్లు రేపైనా తెప్పించుకొనవచ్చును. కూలిన కట్టడపు కొలతలు మాత్రం ఏ దుకాణంలోనూ దొరకవు.